కొత్త పిస్తోలు మీద తొలి అభిప్రాయం

గుండ్లమడక పోలీసు స్టేషనుకు కొత్త పిస్తోలు రావడానికి ముందు ఒక ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు జీపులో వచ్చింది. పిస్తోలు ఎర్రబస్సులో, డ్రైవరు వెనక సీటు కింద, ఎవరిదో టమాటా గంపకు ఆనుకొని వచ్చింది. రెంటిలో ఏది ముఖ్యమైనదో అక్కడే అర్థమైపోవాల్సింది. గంగులప్పకు అర్థం కాలేదు.

ఉత్తర్వులో ఉన్న సంగతి ఇది. శాఖ కొత్తరకం పిస్తోళ్ళు కొన్నది. పిస్తోలు చేతికి అందిన ప్రతి స్టేషనూ దాన్ని పేల్చకముందే దాని మీద తన తొలి అభిప్రాయం పంపాలి. పేల్చిన తర్వాత కలిగేది తొలి అభిప్రాయం కాదు, మలి అభిప్రాయం. అది శాఖకు అక్కర్లేదు. తొలి అభిప్రాయాన్ని పైవాళ్ళు చదివి, బాగుందని ఒప్పుకొని, తిరిగి రాసేదాకా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. పైన ఎవరో పెద్ద అధికారి ఏదో శిక్షణకు పోయి, వాడేవాళ్ళ మనసులో మాట వినకుండా ఏ వస్తువూ కొనకూడదని నేర్చుకొని వచ్చాడట. అప్పటికే కొనడం అయిపోయింది కాబట్టి ఇక వినడం ఒకటే మిగిలింది.

ఆ స్టేషనులో ఆయుధాల గది తాళంచెవి హెడ్ కానిస్టేబులు గంగులప్ప మొలతాడుకు వేలాడేది. స్నానానికి పోయినా అది మొలతాడుకే ఉండేది. ఆయన చేతికింద ఆ గదిలోంచి ఒక తూటా గానీ, ఒక తోలుపట్టీ గానీ, తుపాకులు తుడిచే గుడ్డపేలిక గానీ పోయింది లేదు. ఎండాకాలం వెళ్ళేసరికి ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఆ లోపల ఆయనకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. భుజం మీద ఒక నక్షత్రం పడాలి. హెడ్ కానిస్టేబులుకు చేతి మీద పట్టీలే గానీ భుజం మీద నక్షత్రం ఉండదు. ఏఎస్సై అయితే ఉంటుంది.

ఆయన తర్వాత ఉద్యోగంలో చేరిన బావమరిది వీరాంజి పక్క జిల్లాలో ఎప్పుడో ఏఎస్సై అయ్యాడు. అప్పటినుంచి చుట్టాల ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా వీరాంజికి కుర్చీ, గంగులప్పకు వంటల దగ్గర జనాన్ని అదుపు చేసే పని. కిందటి ఏడు ఒక గృహప్రవేశంలో ఇంటాయన వీరాంజి ముందు విస్తరి వేయించి, నీళ్ళు పోయడానికి గంగులప్పను పిలిచాడు. పోలీసాయన కదా, పద్ధతిగా పోస్తాడని. గంగులప్ప పద్ధతిగానే పోశాడు. ఆయన భార్య సుంకమ్మ అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నెలరోజులపాటు ఆయన ముందు కంచం కొంచెం గట్టిగా పెట్టేది.

ఈసారి ప్రమోషన్ల పట్టీలో గంగులప్ప పేరు ఉంది. ఆయన మీద ఏ మచ్చా లేకుంటే ఉగాది దాటాక నక్షత్రం వస్తుందని డీఎస్పీ ధనుంజయరావే చెప్పాడు.

పిస్తోలు వచ్చిన రోజు స్టేషనులో పండగలాగే ఉంది. కొత్త జీపుకు, కొత్త కంప్యూటరుకు, ఆఖరికి మంచినీళ్ళ ఫిల్టరుకు కూడా పూజ చేసిన స్టేషను అది. దీనికి చేయకుండా ఎట్లా ఉంటారు. కానిస్టేబులు హుసేన్ పీరా టెంకాయ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెచ్చాడు. జీపుకైతే నిమ్మకాయ చక్రం కింద పెడతారు, దీనికి ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి కొంత సేపు పట్టింది. బొట్టు గొట్టం కొసన పెడదామని హుసేన్ పీరా అంటే, ఎస్సై మునిచంద్ర వద్దని, పెట్టె మీద పెట్టించాడు.

మునిచంద్ర కుర్రవాడు, చదువుకున్నవాడు. పెట్టెలోని చిన్న పుస్తకం తీసి అందరికీ చదివి వినిపించాడు. ఈ పిస్తోలు పాతవాటిలాంటిది కాదన్నాడు. పాతవాటికి వెనకవైపు మడమలాగా హ్యామరు లేచి ఉంటుంది, అది వచ్చి కొడితే తూటా పేలుతుంది. దీనికి ఆ హ్యామరు ఉండదు. లోపల సూదిలాంటి స్ట్రైకరు స్ప్రింగు బిగువున ఆగి ఉంటుంది. ట్రిగ్గరు నొక్కితే అది ముందుకు దూకి తూటా వెనక పొడుస్తుంది. అంతా లోపలే జరిగిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. సగం పిస్తోలు ప్లాస్టిక్కు. ట్రిగ్గరు మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంది, వేలు సరిగ్గా దాని మీద పడితేనే కదులుతుంది.

తర్వాత ఒక్కొక్కరు చేతిలోకి తీసుకుని అభిప్రాయం చెప్పారు. జాతరలో పిల్లలకు కొనిచ్చేదాని మాదిరి ఉందని, నీళ్ళు పోస్తే చిమ్ముతుందేమోనని హుసేన్ పీరా అన్నాడు. మునిచంద్ర అది రాసుకోలేదు.

గంగులప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకొనే అలవాటున ఖాకీ ప్యాంటుకు తుడుచుకొని, పిస్తోలు అందుకున్నాడు. తూటాలు లేవని ముందు చూసుకున్నాడు. గొట్టం మీద కప్పినట్టున్న పైరేకు వెనక్కి లాగి వదిలాడు. అది నూనె పెట్టిన తలుపులాగా పోయి వచ్చింది. పిడి చేతిలో ఒదిగింది. పాత రివాల్వరు మణికట్టును కిందికి గుంజేది, ఇది అట్లా గుంజలేదు. అంతా బాగానే ఉంది గానీ ఆయన బొటనవేలు మాత్రం తనంతట తాను వెనక్కి పోయి హ్యామరు కోసం తడుముకుంది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, మళ్ళీ మళ్ళీ అక్కడికే పోయింది.

“బాగుండాది సార్” అన్నాడు గంగులప్ప నిదానంగా. “చేతికి బరువు లేదు. నొక్కు మెత్తగుండాది. బొటనేలు యాడ ఆనుకోవల్లనో తెలీకుండా ఉండాది, అంతే. ఎనక హ్యామర్ లేదు.”

అభిప్రాయం చెప్పినవాడి నోటిమాటే రాయాలని ఉత్తర్వులో ఉంది కాబట్టి మునిచంద్ర ఉన్నదున్నట్టు రాసి పంపాడు. చుట్టుపక్కల స్టేషన్లవాళ్ళు అంత శ్రమ పడలేదు. ఎప్పుడో రివాల్వర్లు వచ్చినప్పుడు ఎవరో మంచి తెలుగులో రాసిన కాగితాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. తేదీ మార్చి వాటినే పంపారు. అందులో నల్లని నిగారింపు, చక్కని చెక్కపిడి, దృఢమైన హ్యామరు అన్నీ ఉన్నాయి. కొత్త పిస్తోలుకు చెక్క అనేదే లేదని పైన ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకు డీఎస్పీ జీపు వచ్చి స్టేషను ముందు ఆగింది. ధనుంజయరావు నిటారైన మనిషి. కూర్చున్నా నిలబడినట్టే ఉంటాడు. టీ వద్దన్నాడు. అప్పుడే అందరికీ భయం వేసింది.

“గంగులప్పా” అన్నాడు. “ఈ సబ్ డివిజనులోని తతిమ్మా స్టేషన్లన్నీ హ్యామరు దృఢంగా ఉన్నట్టు నివేదించుకున్నాయి. ఒక్క గుండ్లమడకలో మాత్రమే సదరు హ్యామరు లేదు. లేదని నువ్వే నోటితో ఒప్పుకున్నావు. దీన్ని శాఖ ఏమని భావించవలసి ఉంటుంది?”

“ఈ పిస్తోలుకు హ్యామరే ఉండదు సార్. లోపల స్ట్రైకరుంటాది” అన్నాడు గంగులప్ప.

మునిచంద్ర పరుగున పోయి కంపెనీ పుస్తకం తెచ్చి చూపించాడు. హ్యామరు ఉండదని అందులో అచ్చువేసి ఉంది. డీఎస్పీ ఆ పుట చదివాడు, వేలు పెట్టి మళ్ళీ చదివాడు, మూసి పక్కన పెట్టాడు.

“లేదని కంపెనీ ఒప్పుకున్నంత మాత్రాన శాఖ ఒప్పుకున్నట్టు కాదు” అన్నాడు.

ఆ తర్వాత తనిఖీ చేయించాడు. పిస్తోలు పట్టుకున్నవాడు అధికారి ముందు నిలబడి, బొటనవేలితో హ్యామరు లేపి, అధికారి కళ్ళారా చూశాక నెమ్మదిగా దించాలి. శాఖ పుట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతి అది. గంగులప్ప అటెన్షనులో నిలబడి పిస్తోలు ఎత్తాడు. ఆర్డరు పడగానే బొటనవేలితో గాలిని లేపాడు. డీఎస్పీ ఆ గాలివైపు చాలాసేపు చూశాడు. గంగులప్ప గాలిని నెమ్మదిగా దించాడు.

“గాలిని తనిఖీ చేసే అధికారం నాకు లేదు” అన్నాడు డీఎస్పీ.

జీపు ఎక్కబోయేముందు గంగులప్పను వేపచెట్టు పక్కకు పిలిచి, కాస్త గొంతు తగ్గించాడు.

“నాకు తెలియదనుకున్నావా? నేను ట్రెయినింగులో ఇలాంటి పిస్తోలుతో కాల్చినవాణ్ణే. దీనికి హ్యామరు ఉండదని నాకు తెలుసు. అయితే నాకు తెలియడం వేరు, శాఖకు తెలియడం వేరు. శాఖకు ఇప్పుడు తెలిసిందల్లా నీ చేతికింద ఒక భాగం తగ్గిందని. అది తేలేవరకు నీ పేరు పట్టీలోంచి పక్కన పెట్టడమైనది.”

గంగులప్ప సెల్యూట్ చేశాడు. ఇన్నేళ్ళలో ఏదీ పోగొట్టుకోనివాడు, ఎన్నడూ లేనిదాన్ని పోగొట్టుకున్నాడు.

విచారణ మొదలైంది. విచారణాధికారి కూడా ధనుంజయరావే. హ్యామరును ఆఖరుసారి ఎప్పుడు చూశావని అడిగాడు. చూడలేదని గంగులప్ప చెప్పాడు. అంటే చూడకుండానే పిస్తోలు స్వాధీనం చేసుకున్నావన్నమాట, అది అజాగ్రత్త అన్నాడు డీఎస్పీ. కాదు, బాగా చూసే తీసుకున్నాను సార్ అన్నాడు గంగులప్ప. అయితే నువ్వు చూసిన తర్వాతే పోయిందన్నమాట, అది ఇంకా పెద్ద తప్పు అన్నాడు. ఈ రెంటిలో ఏది ఒప్పుకుంటావో ఆలోచించుకోమని సాయంత్రందాకా గడువిచ్చి, దయగా టీ కూడా ఇప్పించాడు. గంగులప్ప టీ తాగాడు గానీ ఏదీ ఒప్పుకోలేదు.

అప్పుడు జిల్లా కేంద్రంనుంచి కుక్కను రప్పించారు. మంచి పేరున్న కుక్క. ఎన్నో దొంగతనాలు పట్టించింది. దానికి పిస్తోలు వెనకభాగం వాసన చూపించి, ఇక్కడ ఉండాల్సింది ఎక్కడుందో చూపమన్నారు. కుక్క స్టేషనంతా తిరిగింది. వంటింట్లోకి పోయి హుసేన్ పీరా క్యారియరు దగ్గర కాసేపు ఆలోచించింది. బావి చుట్టూ తిరిగింది. ఆఖరికి మళ్ళీ బల్ల దగ్గరికే వచ్చి, పిస్తోలు ఎదుట కూర్చొని మొరిగింది.

కుక్కను తోలుకొచ్చినాయన నిటారుగా నిలబడి, కుక్క పిస్తోలునే అనుమానిస్తున్నదని మనవి చేసుకున్నాడు.

ఆ శాఖలో కుక్క మాటకు విలువ ఉంది. తన సొంత భాగాన్ని తానే దాచిపెట్టిందన్న అనుమానం మీద పిస్తోలును లాకప్పులో పెట్టమని డీఎస్పీ ఆజ్ఞాపించాడు. స్టేషనులో ఉన్నది ఒకటే గది. అందులో అప్పటికే ఎర్రిస్వామి అనే తాగుబోతు ఉన్నాడు. మనిషినీ ఆయుధాన్నీ ఒకే గదిలో ఉంచడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి ఎర్రిస్వామిని బయటికి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. వాడు దానికి ఒప్పుకోలేదు.

“నేను ముందొచ్చినా సార్. అది నిన్న మొన్న వచ్చింది” అన్నాడు. “అయినా అదేం తప్పు చేసింది సార్, తాగిందా?”

పిస్తోలును చాప మీద పెట్టి, తలుపుకు తాళం వేసి, హుసేన్ పీరాను తుపాకితో కాపలా ఉంచారు. చట్టప్రకారం దానికి పొద్దున ఉప్మా కూడా రాశారు. అది తినలేదు. హుసేన్ పీరా తిన్నాడు.

పిస్తోలు ఎంతకీ నోరు విప్పకపోవడంతో ఊళ్ళో దండోరా వేయించారు. మడమ ఆకారంలో నల్లని ఇనుపముక్క దొరికినవాళ్ళు తెచ్చి అప్పగించాలని, దాచినవాళ్ళ మీద తగు చర్య ఉంటుందని చాటించారు. తగు చర్య అన్నమాట వినగానే జనం ఇళ్ళలో ఉన్న ఇనుమంతా తెచ్చి కుప్పపోశారు. ఎద్దుల లాడాలు, ట్రాక్టరు పిన్నులు, విరిగిన కొడవళ్ళు, కుక్కరు మీద బరువులు, ఒక ముసలమ్మ అయితే తన ఇంటి తలుపు గడియ ఊడదీసి తెచ్చింది. అది కాదని చెప్పినా తీసుకుపోకుండా, రసీదు అడిగింది.

డీఎస్పీ ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా, ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో, పిస్తోలు వెనక ఆనించి చూడమన్నాడు. గంగులప్ప ఎండలో కూర్చొని అన్నీ ఆనించి చూశాడు. అక్కడ ఏదైనా సరిపోవడానికి ఒక గుంట గానీ సందు గానీ ఉంటే కదా. సాయంత్రానికి డీఎస్పీ పైకి పంపిన నివేదికలో, గుండ్లమడక ప్రజలు పూర్తిగా సహకరించినప్పటికీ ఇనుము సహకరించలేదని రాశాడు.

ఇంతలో వీరాంజి ఫోను చేశాడు. అక్కా, బావ ఏదో పోగొట్టుకున్నాడంట గదా, నేనేమన్నా చెప్పి చూడనా అని సుంకమ్మను అడిగాడు. సాయం చేసే గొంతుతోనే అడిగాడు. సుంకమ్మ ఏమీ వద్దని ఫోను పెట్టేసింది. ఆరోజు కంచం గట్టిగా కాదు, అసలు చప్పుడే లేకుండా పెట్టింది. గంగులప్పకు అది మరీ కష్టమనిపించింది.

“పట్టీ మీద సంతకాలు ఎప్పుడంట?” అని అడిగింది.

వచ్చేవారమని గంగులప్ప చెప్పాడు. అన్నం కలుపుతూ జరిగిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చాడు. ఉండదంటే వినరు, చూడలేదంటే తప్పు, చూశానంటే ఇంకా తప్పు. కంపెనీ పుస్తకం చూపినా వినరు, కుక్క మొరిగితే మాత్రం వింటారు అన్నాడు.

సుంకమ్మ అంతా విని, మజ్జిగ పోస్తూ అంది. “వాళ్ళు ల్యాదంటే నమ్మే రకం కాదు. ఉందంటే నమ్ముతారు. ఉండేటట్ల చెయ్యి మరి.”

“ఎట్ల చేసేది?”

“ఊర్లో కొలిమి లేదా?”

గంగులప్ప చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేని వస్తువు పోయిందని ఒప్పుకోవడానికి ఆయన మనసు ఎంతకూ ఒప్పలేదు. పోగొట్టుకున్నాడన్న మాట జన్మకు అంటుకుంటుంది. కానీ లేని వస్తువు ఉందని చూపించడంలో ఆయనకు అంత తప్పు కనపడలేదు. పోగొట్టుకోవడంకంటే ఎక్కువ చేసి అప్పగించడం ఎప్పుడూ మేలే కదా.

మరునాడు పొద్దున్నే, పిస్తోలుకు గాలి తగిలించాలని చెప్పి లాకప్పులోంచి బయటికి తీసి, గుడ్డలో చుట్టుకొని కమ్మరి బ్రహ్మయ్య దగ్గరికి పోయాడు. బ్రహ్మయ్య నాగళ్ళు, గొడ్డళ్ళు చేసేవాడు. పిస్తోలును తిప్పి తిప్పి చూశాడు.

“ఇది ఏం పని చెయ్యల్ల సామీ?” అని అడిగాడు.

“ఏమీ చెయ్యకూడదు. బొటనేలితో లేపితే లేవల్ల, దించితే దిగల్ల. దిగినప్పుడు టక్కుమనల్ల. అంతే.”

బ్రహ్మయ్య ఇట్లాంటి పని తన తాతలనాటినుంచీ కొలిమికి రాలేదన్నాడు. ఏదో ఒక పని చేసే వస్తువైతే కొలత దొరుకుతుంది, ఏ పనీ చేయనిదానికి కొలత ఎక్కడినుంచి తెచ్చేదన్నాడు. మధ్యాహ్నందాకా సాగదీసి, అరగదీసి, మడమలాంటి ముక్క ఒకటి చేశాడు. దాన్ని ఒక పట్టీకి మరబిగించి, ఆ పట్టీని పిస్తోలు వెనక అడ్డంగా వేసి బిగించాడు. పైరేకూ పిడీ ఆ పట్టీతో ఒకటైపోయాయి.

“ఇట్ల బిగిస్తే పైరేకు కదలదు సామీ. పేలదేమో” అన్నాడు.

“పేలకపోతే ఇంకా మేలు. ప్రమాదముండదు” అన్నాడు గంగులప్ప. ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియలేదు. లేపి దించి చూశాడు. టక్కుమంది. బొటనవేలికి ఇన్నాళ్ళకు హాయిగా అనిపించింది. అది మాత్రం నిజం.

డీఎస్పీ వచ్చాడు. గంగులప్ప అటెన్షనులో నిలబడి పిస్తోలు ఎత్తాడు. ఆర్డరు పడింది. హ్యామరు లేచింది. డీఎస్పీ దగ్గరికి వచ్చి కళ్ళారా చూశాడు. హ్యామరు దిగింది, టక్కుమంది. ధనుంజయరావు కళ్ళు మూసుకున్నాడు. పాట విన్నవాడి మొహంలాగా ఉంది.

“ఇంకొకసారి” అన్నాడు.

గంగులప్ప ఇంకొకసారి లేపి దించాడు.

మునిచంద్ర ఉండబట్టలేకపోయాడు. కుర్రవాడు కదా. “సార్, పైరేకు కదలడం లేదు. ఇప్పుడిది పేలదు” అన్నాడు.

డీఎస్పీ అతనివైపు జాలిగా తిరిగాడు. “పేలుతుందని ఎవరు నివేదించారయ్యా? సబ్ డివిజనులో వచ్చిన తొలి అభిప్రాయాలన్నీ నేను చదివాను. ఒక్కరైనా పేలిందని రాశారా?”

“పేల్చకముందే రాయమన్నారు కదా సార్.”

“మరి పేలడం దీని లక్షణమని శాఖ ఏ ఆధారంతో నిర్ధారించుకోవాలి? హ్యామరు ఉండాలన్నది మాత్రం నిర్ధారితం. అది ఉంది. టక్కుమన్నది కూడా.”

మునిచంద్ర నోరు మూసుకున్నాడు. అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు రాసినందుకు అతనికి అప్పటికే ఒక మెమో వచ్చి ఉంది.

పంచనామా రాశారు. దొరికిన వస్తువు: హ్యామరు. దొరికిన చోటు: పిస్తోలు వెనక. దాచినవారు: తెలియరాలేదు. పిస్తోలును నిర్దోషిగా విడుదల చేశారు. ఎర్రిస్వామిని తిరిగి లోపలికి పంపుదామని చూస్తే, వాడు ఆ సందడిలో ఇంటికి పోయాడు.

ఉగాది దాటాక గంగులప్ప భుజం మీద నక్షత్రం పడింది. ఎస్పీ ఆఫీసులో పెట్టించుకొని ఇంటికి వచ్చేసరికి సుంకమ్మ ఓళిగలు చేసి చుట్టాలందరినీ పిలిచింది. వాకిట్లో ఒకే ఒక్క కుర్చీ వేసింది. గంగులప్పను అందులో కూర్చోబెట్టింది. వీరాంజి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు గోడకు ఆనుకొని నిలబడి, ఆఖరికి చాప మీదనే కూర్చున్నాడు. బావకు నీళ్ళందించమని సుంకమ్మ అతనితో మామూలు గొంతుతోనే చెప్పింది. గంగులప్ప తాగాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత చల్లని నీళ్ళు తాగలేదని ఆయనకు అనిపించింది.

కొత్త పిస్తోళ్ళ ఫోటోలు పైనుంచి అడిగారు. అన్ని స్టేషన్లూ పంపాయి. పెద్దాఫీసులో ఎవరో వాటిని వరసగా పెట్టి చూశారు. గుండ్లమడక పిస్తోలుకు తప్ప దేనికీ హ్యామరు లేదు. కానీ తతిమ్మా స్టేషన్లన్నీ దృఢమైన హ్యామరు ఉందని సంతకం పెట్టి ఉన్నాయి. అంటే సబ్ డివిజనులోని హ్యామర్లన్నీ ఒకేసారి మాయమయ్యాయి, ఆ సంగతి అందరూ కలిసి దాచిపెట్టారు. దీని వెనక పెద్ద ముఠాయే ఉండవచ్చని అనుమానించారు. పోయిన హ్యామర్లను తిరిగి రాబట్టడానికి ప్రత్యేక బృందం వేస్తూ, ఈ పనిలో అనుభవమున్న ఏకైక అధికారి కాబట్టి ఏఎస్సై గంగులప్పను దానికి నాయకుడిగా పెట్టారు. ఆయన రిటైరయ్యేలోపల అన్నీ దొరకాలని కూడా రాశారు.

గంగులప్ప మొట్టమొదట నల్లబండపల్లె స్టేషనుకు పోయాడు. అక్కడ ఆయుధాల గది చూసుకునేది హెడ్ కానిస్టేబులు రమిజాబీ. ఆ గదిలోకి కాలు పెట్టగానే గంగులప్పకు తన గది గుర్తొచ్చింది. అదే నూనె వాసన, తుపాకులు అదే వరసలో, గుడ్డపేలికలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. తాళంచెవి ఆమె నడుముకు బెల్టు లోపలివైపు ఉంది. ఆమె ఆయన భుజంవైపు చూసి సెల్యూట్ చేసి, కుర్చీ వేసింది. ఆయన కూర్చున్నాడు.

తనిఖీ మొదలుపెట్టమన్నాడు. ఆమె పిస్తోలు ఎత్తి నిలబడింది గానీ బొటనవేలు కదిలించలేదు.

“దీనికి హ్యామర్ ఉండదు సార్” అంది. “ఉందని రాసింది నాకు ముందున్నాయన. ఆయన ట్రాన్స్‌ఫరై పోయినాడు. నేను మొన్న వచ్చినా. లేందాన్ని యాడనుంచి తెచ్చి చూపేది? మీకు తెలీదా సార్?”

గంగులప్ప ఆ పిస్తోలువైపు చూశాడు. వెనక ఏ పట్టీ లేకుండా, నున్నగా, పెట్టెలోంచి తీసిన రోజున తనది ఉన్నట్టే ఉంది. అందుకొని పైరేకు లాగి వదిలాడు. నూనె పెట్టిన తలుపులాగా పోయి వచ్చింది. ఉండదని ఈమెకు రాసిస్తే, మరి గుండ్లమడకలో ఉన్నదేమిటని అడుగుతారు. అడిగితే భుజం మీది నక్షత్రం ఊడుతుంది. వాకిట్లో మళ్ళీ కుర్చీ మారుతుంది. పిస్తోలు ఆమెకు తిరిగి ఇచ్చాడు.

“ప్రమోషన్ పట్టీలో నీ పేరుండాదా అమ్మా?” అని అడిగాడు.

ఉందని ఆమె చెప్పింది. ఈసారి కాకపోతే తన తర్వాతివాళ్ళు దాటిపోతారని చెప్పింది. తర్వాత కొంచెం తడబడి, అడగవచ్చో లేదో అన్నట్టుగా అడిగింది.

“మీ స్టేషన్‌ది ఎట్ల దొరికింది సార్?”

బయట సెంట్రీ తప్ప ఎవరూ లేరు. గంగులప్ప అటువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“కొలిమికాడ దొరికింది. మా ఊరి బ్రహ్మయ్య కొలిమి.”

రమిజాబీ చేతిలోని పిస్తోలువైపు చూసింది.

“ఇప్పుడది పేలుతాందా సార్?”

“పేలదు.”

“మరేం లాభం సార్?”

గంగులప్ప జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆమె కళ్ళు అప్పటికే ఆయన భుజం మీద ఆగి ఉన్నాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత ఆమె మడతపెట్టిన గుడ్డల్లోంచి శుభ్రమైనది ఒకటి తీసి, పిస్తోలును దాంట్లో జాగ్రత్తగా చుట్టింది.

“ఆదివారం కూడా తెరిచే ఉంటాదా సార్, ఆ కొలిమి?” అని అడిగింది.